ముందు సీసా, తర్వాతే పిల్ల

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే నాకూ సుఖం, చదివేవాళ్లకూ సుఖం. నేను పుట్టినప్పుడు మంత్రసాని తేనెకు బదులు మిరపకాయ నాకించి ఉంటుందని మా అత్త అంటూ ఉంటుంది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. పదో తరగతితో చదువు మానేసినప్పటినుంచీ నాకు మిరపకాయతోనే బతుకు. గుంటూరు పక్కన ఒక ఏసీలో కాయలకు తొడిమలు తీస్తాను. మా వైపు కోల్డ్ స్టోరేజీని ఎవరూ ఆ పేరుతో పిలవరు, ఏసీ అనే అంటారు. ధర లేనప్పుడు రైతు కాయను ఏసీలో పెడతాడు, ధర వచ్చినప్పుడు బయటికి తీస్తాడు. మా ఆయన అక్కడే బస్తాలు మోసే ముఠాలో ఉన్నాడు. పొద్దస్తమానం ఆ ఘాటులో కూర్చున్న మనిషికి కోపం రాకపోతే ఇంకేమొస్తుంది?

ఆ కోపంతోనే ఒకసారి నా కూతురి మీద చెయ్యి చేసుకున్నాను. చేయని తప్పుకు కొట్టాను. ఇప్పుడు రాస్తున్నది దాని గురించే.

మా అమ్మాయికి తొమ్మిదో ఏట షుగరు వచ్చింది. మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. పిల్ల నీళ్లు తాగడం మొదలుపెట్టింది. మామూలుగా తాగడం కాదు, చేతిలో చెంబు దించితే ఒట్టు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. ఇంత పెద్దదానివయ్యావు సిగ్గులేదా అని తిట్టాను. గౌను భుజాల మీద నిలవకుండా జారిపోతుంటే బడిలో ఆటలెక్కువై చిక్కిందనుకున్నాను. పిల్ల వెళ్లొచ్చాక బాత్రూం గచ్చు మీద చీమలు బారులు కట్టడం మా అత్త కళ్లబడింది. ఆవిడకు చదువు రాదు గానీ చూపు మాత్రం గద్ద చూపు. పిల్లను వెంటనే ఆసుపత్రిలో చూపించమని నా ప్రాణం తీసింది.

షుగరని డాక్టరమ్మ చెబితే నేను నమ్మలేదు. అది ముసలివాళ్ల జబ్బు కదండీ అన్నాను. ఆవిడ విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పింది. పిల్ల ఒంట్లో తయారు కావలసిన ఇన్సులిన్ తయారు కావడం ఆగిపోయిందట. మిఠాయి తిన్నందుకు వచ్చింది కాదట, ఎవరి తప్పూ లేదట. అందుకని బయటినుంచి ఎక్కించాలి, రోజూ ఎక్కించాలి, బతికినంతకాలం ఎక్కించాలి. ఒక్క రోజు మానినా ప్రాణం మీదికొస్తుంది. బతికినంతకాలమా అని మళ్లీ అడిగాను. అన్నం బతికినంతకాలం తినమా అంది ఆవిడ.

ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, నర్సమ్మ దగ్గర పాఠానికి కూర్చున్నాను. బత్తాయి మీద సూది గుచ్చి గుచ్చి నేర్చుకున్నాను. ఆ మందు సీసాలో పాలలా తెల్లగా ఉంటుంది. కాసేపు కదపకుండా ఉంచితే తెల్లదంతా అడుక్కి దిగుతుంది. దాన్ని గిలకొట్టకూడదు, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. అంతా ఒకే తీరున కలిశాకే సూదిలోకి తీయాలి. వారం తిరిగేసరికి పొట్ట మీద ఎక్కడ, తొడ మీద ఎక్కడ, ఏ పూట ఎంత అన్నీ నోటికొచ్చేశాయి. నేను మొండిదాన్ని. పట్టిన పని వదలను.

మందు దాచే పద్ధతి కూడా నర్సమ్మ చెప్పింది. ఫ్రిజ్జులో కింది అరలోనో తలుపులోనో పెట్టమంది, పైనుండే ఐసు పెట్టెలో మాత్రం పెట్టొద్దంది. రెండుసార్లు చెప్పింది కూడా. నేను తలూపాను. తలయితే ఊపాను గానీ నా బుర్రలోకి దిగింది చల్లగా ఉండాలన్న ఒక్క ముక్కే.

మాకు ఫ్రిజ్జు లేదు. రెండిళ్ల అవతల ఉండే మా పాస్టరమ్మ గారికి ఉంది. అడగ్గానే తలుపులో ఒక అర ఖాళీ చేసి ఇచ్చారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి సీసా తెచ్చుకునేదాన్ని. రెండు నెలలు అంతా సవ్యంగానే నడిచింది. పిల్ల మళ్లీ ఒళ్లు చేసింది, మొహంలో కళ వచ్చింది.

ఎండలు ముదిరాయి. మా ఎండలు ఎలాంటివో మిరప కల్లాల్లో చెప్పుల్లేకుండా నడిచినవాళ్లను అడగండి. దానికి తోడు కరెంటు కోతలు. ఒకరోజు నేను వెళ్లేసరికి పాస్టరమ్మ గారు ఫ్రిజ్జులో విరిగిపోయిన పాలు పారబోస్తున్నారు. పాలే విరిగితే నా బిడ్డ మందు గతేంటి?

అక్కడే నా తెలివి ముందుకొచ్చింది. ఏసీలో ఇన్నేళ్లుగా నేను కళ్లారా చూస్తున్నది ఒక్కటే. బయట గోడౌన్లో పెట్టిన కాయ నాలుగు నెలలకే వెలిసిపోయి తాలుకాయలా పాలిపోతుంది. ఏసీలో పెట్టిన కాయ రెండేళ్లయినా కోసిన రోజు ఎరుపుతోనే బయటికొస్తుంది. కాయకు చలే ప్రాణం. మందుకు మాత్రం కాదా? కొత్త సీసాలున్న డబ్బా తీసి నా చేత్తో నేనే ఐసు పెట్టెలోకి ఎక్కించాను. అక్కడెందుకమ్మా అని పాస్టరమ్మ గారు అడిగారు. చలి ఎంత ఎక్కువైతే సరుకు అంత నిలవుంటుందండీ, మాకు తెలియదా అన్నాను. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం వేశాను. అంత ధీమాగా చెప్పాక ఆవిడ మాత్రం ఏమంటారు?

వాడుతున్న సీసా అయిపోయి కొత్తది తీస్తే రాయిలా గడ్డకట్టి ఉంది. అబ్బ, ఎంత బాగా నిలవుందో అనుకున్నాను. కాసేపు గడప మీద ఎండలో పెట్టి కరిగించాను. అరచేతుల మధ్య దొర్లించాను. అడుగున నలకల్లాంటివి కనబడ్డాయి. కొత్త సీసా కదా, ఇలాగే ఉంటుందేమో అనుకుని సూదిలోకి తీసి పిల్లకు వేశాను.

మర్నాటినుంచి వేలు గుచ్చి షుగరు చూసే మీటరులో అంకె పెరగడం మొదలైంది. రెండొందల యాభై, మూడొందల పది, మూడొందల ఎనభై. నేను మందును అనుమానించలేదు. మందు నేను దాచిందాయె! పిల్లను అనుమానించాను. ఏం తిన్నావే అని అడిగాను. ఏం తినలేదంది. బెల్లం డబ్బా పై అటకెక్కించాను. బడి సంచీ బోర్లించి, అడుగున జీళ్ల కాగితాలేమైనా ఉన్నాయేమోనని వెతికాను. బడి ముందు కొట్టువాడి దగ్గరికెళ్లి, మా పిల్లకు ఏమైనా అమ్మావో నీ అంతు చూస్తానని కేకలేసి వచ్చాను. పాపం వాడికేం తెలుసు. కళ్లలో వత్తులేసుకుని చూస్తానే ఉన్నా, పిల్ల ఏం తినలేదే అని మా అత్త మొత్తుకుంది. మనవరాలని వెనకేసుకొస్తున్నావా అని ఆవిడ మీదా ఎగిరాను. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

మరో రెండు రోజులకు మీటరు అంకె చూపించడమే మానేసింది. కొలతకు అందనంత ఎక్కువుందని ఇంగ్లీషులో హై అని చూపించింది. నాకు ఒళ్లు తెలియలేదు. పిల్లను రెక్క పట్టుకుని లాగి వీపు మీద రెండు దెబ్బలు వేశాను. నా చేతులు పని చేసిన చేతులు, వాటి దెబ్బ ఎలా ఉంటుందో నాకు తెలుసు. పిల్ల ఏడవలేదు. నా మొహంలోకి సూటిగా చూసింది.

"నేను తినలేదమ్మా" అంది.

తెల్లవారి పిల్ల వాంతులు మొదలుపెట్టింది. పరిగెత్తి వచ్చినదానిలా బారుగా ఊపిరి తీస్తోంది. నోటి దగ్గర మాగిపోయిన పండు వాసన. మా అత్త వడదెబ్బేమోనని మజ్జిగ కలిపింది. అది వడదెబ్బ కాదని నాకు తెలిసిపోయింది. మొదటిసారి ఆసుపత్రిలో చేర్చినప్పుడు పిల్ల నోట ఇదే వాసన. ఏం జరిగినా మందు సీసా వెంట తెమ్మని నర్సమ్మ చెప్పిన మాట ఆ కంగారులో ఎలా గుర్తొచ్చిందో, పాస్టరమ్మ గారింటికి ఉరికి సీసా తెచ్చుకుని ఆటో ఎక్కాను. దారి పొడవునా పిల్లను కళ్లు మూయనివ్వకుండా పిలుస్తూనే ఉన్నాను. ప్రభువా, ఈ ఒక్కసారికి నా మాట విను, మళ్లీ ఏమీ అడగనని బతిమాలుకున్నాను.

సెలైను పెట్టి, మంచి మందు ఎక్కించి, పిల్ల ఊపిరి కాస్త నెమ్మదించాక డాక్టరమ్మ నా చేతిలోని సీసా అడిగి తీసుకుంది. అరచేతుల మధ్య దొర్లించింది. కిటికీ వెలుతురుకు పట్టి నన్ను చూడమంది. విరిగిన పాలలా ఉంది. గాజు గోడకు తెల్లటి పొర అంటుకుని, మధ్యలో పలుకులు తేలుతున్నాయి. ఎక్కడ పెట్టారని అడిగింది. చెప్పాను, ఐసు పెట్టెలో అని. ఆవిడ కోప్పడలేదు. నువ్వేం పని చేస్తావమ్మా అని అడిగింది. ఏసీలో తొడిమలు తీస్తానన్నాను.

"మరి ఏసీలో కాయ మీద ఐసు గడ్డ కట్టిస్తారా?" అంది.

"లేదండీ, కట్టిస్తే కాయ సచ్చిపోద్దండీ" అన్నాను.

అన్నాక నా మాట నాకే వినబడింది. మంచం కోడు పట్టుకుని కూలబడ్డాను. నాకు తెలుసు. నాకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? ఒక ఏడాది ఏసీలో గొట్టాల పక్కన ఐసు పేరుకుని, అది కరిగి బస్తాల మీద కారి, వరస మొత్తం నల్లబడి బూజు పడితే ఆ కాయలు ఏరి పారబోసింది మేమే. చలి వేరు, గడ్డకట్టడం వేరు. ఆ గదుల ముందు చలి ఎంతుందో చూపించే అంకె రోజూ నా కళ్ల ముందు వెలుగుతూనే ఉంటుంది. అది ఐదారు దగ్గర ఉంటుంది. నా బిడ్డ మందుకు ఉండాల్సిన చలీ అంతేనని డాక్టరమ్మ చెప్పింది. మిరపకాయకు ఇచ్చిన మర్యాద నేను నా బిడ్డ ప్రాణానికి ఇవ్వలేదు.

రెండో రోజు పిల్ల తెప్పరిల్లింది. జావ తాగిస్తుంటే నా చెయ్యి ఆపి అడిగింది.

"నేను తినలేదని ఇప్పుడు తెలిసిందా?"

తెలిసిందన్నాను. తప్పయిపోయింది తల్లీ, నేనే మందు పాడుచేశానన్నాను. పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ వీపు మీద నా చేతి గుర్తులు ఇంకా ఉన్నాయేమోనని గౌను తొలగించి చూసే ధైర్యం నాకు రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. నిజమే, కానీ గట్టిగానే పట్టుకున్నాను. ఇంటికొచ్చిన రోజే ఐసు పెట్టెలోవి అన్నీ పారేసి, కొత్త సీసాలు ఫ్రిజ్జు తలుపులో పెట్టించాను. వాడే సీసాకు ఇంట్లోనే చోటు చేశాను. నర్సమ్మ చెప్పినట్టు పెద్ద కుండలో ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, ఇసుక తడిపి, పైన తడిగుడ్డ కప్పాను. సీసాకు తడి తగలకుండా స్టీలు డబ్బాలో పెట్టాను. ఈసారి నా తెలివిని నమ్మలేదు. ఏసీలో మిషన్లు చూసే ఆపరేటరు గారిని అడిగి ఒక పాత థర్మామీటరు తెచ్చుకున్నాను. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో బయట నలభై నాలుగున్న రోజు నా కుండలో ఇరవై ఏడు దాటలేదు. తెరిచిన సీసాకు అక్కడ నెల రోజుల వరకు ఢోకా లేదని నర్సమ్మ చెప్పింది. మధ్యాహ్నం పనిలోంచి లేచి వచ్చి ఇసుక తడిపేదాన్ని. మేస్త్రీ సణిగితే కూలి కోసుకోమన్నాను.

మందు సంగతి దారిన పడింది. పిల్ల సంగతే పడలేదు. నాతో మాట్లాడడం మానేసిందని కాదు. అడిగినదానికి జవాబు చెప్పేది, సూదికి పొట్ట చూపించేది, అన్నం తినేది. తనంతట తాను మాత్రం ఏదీ చెప్పేది కాదు. ఒక ఆదివారం చర్చి ముందు కుళాయి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. షుగరు బాగా పడిపోయింది. పాస్టరమ్మ గారు చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకుంది. వణుకు ప్రార్థన మొదలు కాకముందే వచ్చిందట. అలా వణుకొస్తే వేసుకోమని ఇచ్చిన గ్లూకోజు బిళ్లలు జేబులోనే ఉన్నాయి. వేసుకుంటే తర్వాత అంకె పెరుగుతుందని, పెరిగితే అమ్మ ఏం తిన్నావని అడుగుతుందని వేసుకోలేదట. ఈ మాట నాతో చెప్పలేదు, వాళ్ల నానమ్మతో చెప్పింది.

నర్సమ్మతో చెప్పుకుని ఏడిస్తే ఆవిడ మొహమాటం లేకుండా చెప్పింది. ఈ జబ్బుకు మందెంత ముఖ్యమో పిల్ల నోరు విప్పి చెప్పడమూ అంతే ముఖ్యం. తనకెలా ఉందో, ఏం తిన్నదో పిల్ల దాచడం మొదలుపెడితే ఏ డాక్టరూ కాపాడలేడంది. నువ్వు భయపెట్టిన పిల్ల, భయం తీయాల్సింది కూడా నువ్వేనంది.

మాటలతో భయం పోదు. ఇంటికొచ్చి కుండ వెనక గోడ మీద సుద్దముక్కతో పెద్దక్షరాలతో రాశాను. ముందు సీసా, తర్వాతే పిల్ల. అంకె పెరిగితే మొదట సీసా వెలుతురుకు పట్టి చూస్తాను. తర్వాత అది ఏ రోజు తెరిచామో చూస్తాను. తర్వాత నేను ఎంత వేశానో చూస్తాను. ఈ మూడూ అయ్యాకే పిల్లను అడుగుతాను, అదీ మామూలు గొంతుతో. మా అత్తకు చదివి వినిపించి, తప్పితే నన్ను నాలుగు తిట్టమని చెప్పాను. ఆ పని ఆవిడ మనసారా చేసింది. నేను తప్పిన రోజులున్నాయి, నాలిక్కరుచుకుని మళ్లీ సీసా దగ్గరికి నడిచిన రోజులున్నాయి. పిల్ల గుమ్మంలో నిలబడి అన్నీ చూసేది గానీ పెదవి విప్పేది కాదు.

ఆరో తరగతిలో ఒక పంచాయితీ వచ్చింది. వణుకొచ్చి క్లాసులో బిస్కెట్టు తింటే, షుగరు పెట్టుకుని దొంగతిండి తింటున్నావా అని ఒక టీచరు అందరి ముందూ నిలబెట్టాడు. పక్కింటి పిల్ల వచ్చి చెబితే తొడిమల చేతులతోనే బడికెళ్లాను. పిల్ల ఇంకా నిలబడే ఉంది. నాకు కోపం ఎక్కువని ముందే చెప్పాను కదా, ఆ రోజు దాన్ని సరైన చోట వాడుకున్నాను.

"ఏం తిన్నావని కాదండీ, ఎట్టా ఉందని అడగండి ముందు. నేనూ మీలాగే అడిగాను, అడిగి కొట్టాను. నా బిడ్డ చావుదాకా పోయొచ్చింది" అన్నాను.

టీచరు మంచివాడే, తెలియక అన్నాడు. మర్నాడు హెడ్మాస్టరు గారు నన్ను పిలిపించి, వణుకొస్తే ఏమివ్వాలో, ఎప్పుడు ఫోను చేయాలో చెప్పించుకుని కాగితం మీద రాయించి స్టాఫు రూములో అంటించారు. ఆ సాయంత్రం నడిచి ఇంటికొస్తుంటే పిల్ల నా కొంగు పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఇప్పుడు దానికి పదమూడేళ్లు. సూది తనే వేసుకుంటుంది. మొన్న పాస్టరమ్మ గారి అమ్మాయి పెళ్లయింది. ఇంటికొచ్చి మీటరు చూస్తే మూడొందల నలభై. నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను. కుండ దగ్గరికెళ్లి సీసా తీశాను. అరచేతుల మధ్య దొర్లించి, ట్యూబులైటుకు పట్టి చూశాను. చిక్కటి పాలలా ఉంది. తెరిచిన తేదీ చూశాను, పది రోజులే అయింది. పొద్దున వేసిన లెక్క నోటుపుస్తకంలో చూశాను, సరిగ్గానే ఉంది. పిల్ల ఎప్పటిలాగే గుమ్మానికి ఆనుకుని చూస్తోంది.

"మందు బాగానే ఉందిగా?" అంది.

బాగానే ఉందన్నాను.

"నేనే తిన్నానమ్మా. లడ్డూ."

నిజం చెప్పొద్దూ, కోపం గొంతుదాకా వచ్చింది. దాని వెనకే ఇంకోటి వచ్చి ఆ కోపాన్ని పక్కకు నెట్టేసింది. నాలుగేళ్లుగా ఆ గుమ్మంలో నోరు విప్పకుండా నిలబడిన పిల్ల, నేను అడక్కముందే తన తప్పు తనే చెప్పింది. నాకు కళ్లు నిండిపోయాయి.

"ఎన్ని?" అన్నాను.

"ఒకటిన్నర. మిగతా సగం నానమ్మకు పెట్టా."

లోపల్నుంచి మా అత్త, నన్నెందుకే ఇరికిస్తావు అని అరిచింది. డాక్టరమ్మ ఇలాంటి రోజుల కోసమే రాసిచ్చిన చీటీ గోడకున్న మేకు నుంచి తీసి దాని చేతికిచ్చాను. ఎంత వేసుకోవాలో అది చదివి చెప్పింది, నేను సూది అందించాను.